అన్నయ్య అడిగిన కుశలం

కళ్లజోళ్ల కొట్టు ఆవిడ అద్దాలు తుడుచుకుని మరీ ఫోన్ చూసింది. ఊరందరికీ కళ్లజోళ్లు అమ్మే మనిషి తన కళ్లను తాను నమ్మలేకపోయింది. ఫొటో అన్నయ్యదే, పేరూ అన్నయ్యదే. "చెల్లీ, ఎలా ఉన్నావు? వేళకి తింటున్నావా?" అని మెసేజ్.

"బుద్ధెరిగాక మా అన్నయ్య నన్నీ మాట అడగలేదండీ," అంది మొగుడితో.

"ఇప్పుడు బుద్ధొచ్చిందేమోలే," అన్నాడాయన ఫ్రేముకి మర బిగిస్తూ.

తర్వాత ఏమడుగుతాడో చూద్దామని ఆవిడ ఫోన్ కింద పెట్టలేదు. ఇంకోటి వచ్చింది: "పొరపాటున నీ ఫోన్‌కి ఆరంకెల నంబరొకటి వచ్చింది. పంపమ్మా."

నంబరు వచ్చిన మాట నిజమే. ఎవరికీ చెప్పొద్దని దాని కిందే రాసుంది. చెప్పిందా, ఆవిడ మెసేజ్‌ల ఖాతా దొంగల చేతిలో పడుతుంది, కొట్టుకొచ్చే వాళ్లందరికీ ఆవిడ పేరుతోనే టోపీలు పెడతారు. కళ్లజోళ్ల కొట్లో టోపీల బేరమెందుకని, నేరుగా అన్నయ్యకే ఫోన్ చేసింది.

"నేనెలా ఉన్నానని అడిగింది నువ్వేనా?"

"నేనెందుకు అడుగుతానే?"

"అదే నాకూ అనుమానమొచ్చింది. నీ ఖాతా ఎవరో కాజేశారు, ముందు అందరికీ చెప్పు."

"ఇంతకీ ఎలా ఉన్నావే?" అన్నాడు మెల్లగా.

ఆవిడకి మళ్లీ అనుమానం. "చిన్నప్పుడు నా జడ కుర్చీకి కట్టేసిందెవరు?"

"నేనే."

"అయితే బాగానే ఉన్నాను."