తేరుకున్న నీళ్ళు

అత్తగారికి నోరు ఎంత దురుసో, గేటు మీద మమకారం అంత. బొగ్గుగని నీళ్ళు నేరుగా ఏట్లో కలవకుండా గుంటలో నిలబెట్టి, మడ్డి అడుక్కి దిగాక గేటెత్తి వదలడం ఆమె ఉద్యోగం. ఆమె చేరిన కొత్తలో ఏరు సిరా ఒలికినట్టు ఉండేది. ఇప్పుడు అందులో చేపలు ఎగురుతున్నాయంటే అది తన చలవేనని ఆమె అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

నెలాఖరుకు ఆమె రిటైరు. గేటు ఎవరి పాలబడుతుందో, ఏరు మళ్ళీ నల్లబడుతుందేమోనని ఒకటే బెంగ. మేనేజరు చూసి చూసి కోడలినే ఆమె దగ్గర పనికి పెట్టాడు. “టీ పెడితే పొంగించి స్టవ్వు ఆర్పేస్తుంది. దీని చేతికి గేటా!” అని అత్తగారు కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది.

ఆ రోజు పొద్దున్నే కుండపోత. గనిలో కొత్తగా తవ్వినవైపు నుంచి నీళ్ళు ఉబికి గుంటలోకి వచ్చాయి. వాన తెరిపి ఇవ్వగానే ఇంజనీరు ఫోన్ చేశాడు.

“అమ్మా, కింద గనిలో నీళ్ళు పెరుగుతున్నాయి. గుంట ఖాళీ అయితేగానీ పంపులు వెయ్యలేం. నీళ్ళు తేరుకున్నాయా?”

అత్తగారు గట్టెక్కి చూసింది. అడుగున రాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. ఇంత త్వరగా తేరుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. తన గుంట గొప్పకు తనే మురిసిపోయింది.

“అద్దంలా ఉన్నాయి. వదిలేస్తున్నా” అని గేటు చక్రం మీద చెయ్యి వేసింది.

కోడలు అవతలివైపు నుంచి చక్రాన్ని పట్టేసుకుంది.

“ఆగండత్తయ్యా.”

“గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట! నీళ్ళు చూడ్డం నాకు నేర్పుతావా?”

“రోజూ నీళ్ళమీద పరుగులు పెట్టే పురుగులు ఒక్కటీ లేవు. వాన పడ్డా కప్ప అరవలేదు. నల్లనివన్నీ నీళ్ళు, తెల్లనివన్నీ పాలు అనుకోవద్దని చెప్పింది మీరేగా?”

కోడలు వంగి నీలం లిట్మస్ కాగితం ముంచింది. ఎర్రబడింది. ఆమ్లమెక్కి పులిసిన నీళ్ళు! పులుపెక్కితే మడ్డి చటుక్కున దిగిపోతుంది, చేపలూ చటుక్కున చస్తాయి. ఈ సంగతి అత్తగారికి తెలియనిది కాదు. మురిపెంలో మరిచిపోయింది. అన్నేళ్ళ కష్టం తన చేత్తోనే ఏట్లో పోయబోయింది.

ఆమె వెంటనే ఇంజనీరుకు ఫోన్ చేసింది. “తొందరపడ్డాను. మనుషుల్ని పైకి రమ్మనండి, గేటు ఎత్తం” అంది. అతను గొణిగాడు గానీ అలాగే చేశాడు.

ఇద్దరూ కొంగులు బిగించి సున్నం బస్తాలు విప్పారు. కూరలో ఉప్పు సరిచూసుకున్నట్టు కొంచెం వేయడం, కలపడం, కాగితం ముంచడం. గుంట పాలలా తెల్లబడింది. పొద్దువాలేసరికి మళ్ళీ తేటపడింది. ఈసారి నీలం కాగితం నీలంగానే ఉంది. కోడలు చక్రం తిప్పింది. నీళ్ళు మెల్లగా చేపలున్న ఏట్లో కలిశాయి.

ఫోన్ మోగింది. డ్యూటీ దిగిన పనివాళ్ళు గట్టున గుమిగూడి వింటున్నారు.

“ఇప్పుడైనా తేరుకున్నాయా అమ్మా?”

“నీళ్ళూ తేరుకున్నాయి, నేనూ తేరుకున్నాను” అంది అత్తగారు, అందరికీ వినబడేలా. “ఇకమీదట గేటు సంగతి మా కోడల్ని అడగండి. నాకంటే కళ్ళున్న మనిషి.”

ఫోన్ కోడలి చేతిలో పెట్టి, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“టీ మాత్రం నేనే పెడతానే!”