బ్రేకు మీద కాలు

డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఆమెను బ్రేకు మేడం అంటారు. నేర్పే కారులో మాస్టర్ల వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. తక్కినవాళ్ళు దాన్ని అవసరమైతేనే తొక్కుతారు. ఈవిడ కాలు దాని మీద నుంచి దిగదు. కుక్క అడ్డం వస్తే తొక్కుతుంది, వచ్చేలా ఉంటే తొక్కుతుంది, అరుగు మీద హాయిగా పడుకుని ఉన్నా తొక్కుతుంది. "మేడంగారి దగ్గర లైసెన్సు వచ్చేలోపు మనవలు పుట్టుకొస్తారు" అని నేర్చుకునేవాళ్ళు నవ్వుకుంటారు. అయినా ఆవిడ దగ్గరికే వస్తారు. ఆవిడ కారుకు ఇంతవరకూ ఒక్క గీత పడలేదు మరి.

ఆ కాలు అక్కడెందుకు ఉంటుందో మాత్రం స్కూల్లో ఎవరికీ తెలియదు.

చాలా ఏళ్ళ కిందట ఒక వానాకాలం సాయంత్రం ఆమే, తమ్ముడూ బంధువుల ఇంటి నుంచి తిరిగి వస్తున్నారు. కారు ఆమెది, కొత్తది. తమ్ముడికి అప్పుడప్పుడే స్టీరింగు పట్టడం వస్తోంది. తాళాలు ఇమ్మన్నాడు. ఆమెకు తల పగిలిపోతోంది. ఇచ్చేసింది. "మెల్లగా పోనీ" అని పక్క సీట్లో వాలి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి కారు కాలవగట్టు కింద పక్కకు ఒరిగి ఉంది. ఆమె ఒంటి మీద చిన్న గాటు కూడా లేదు. తమ్ముడి ఎడమ మోకాలు మాత్రం మళ్ళీ వంగలేదు. నిచ్చెనెక్కి గోడల మీద బారెడేసి అక్షరాలు రాసే పెయింటరు, ఇంట్లో కుర్చీలో కూర్చుని చిన్నాచితకా బోర్డులు రాసుకునేవాడయ్యాడు.

"తాళాలిచ్చింది నేనే" అని ఆమె అందరికీ చెప్పింది. తల్లి నోటికొచ్చినట్టు తిట్టింది. తమ్ముడు ఏమీ అనలేదు. తర్వాత ఆమె ఉన్న ఉద్యోగం మానేసి డ్రైవింగ్ స్కూల్లో చేరితే చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఏ సీట్లో కళ్ళు మూసుకుందో ఆ సీట్లోనే కళ్ళు విప్పార్చుకుని బతుకుతోందని వాళ్ళకేం తెలుసు? తమ్ముడింటికి వెళ్తూనే ఉంటుంది. పళ్ళ సంచి గుమ్మంలోనే మరదలి చేతిలో పెట్టి, "పనుంది" అని అటునుంచటే వెనక్కి వచ్చేస్తుంది.

అలాంటి ఆమె దగ్గరికి ఒక ఉదయం మేనకోడలు వచ్చి నిలబడింది.

"అత్తా, నాకు కారు నేర్పు."

"మీ నాన్నకి తెలుసా?"

"అమ్మకి తెలుసు."

"నేనడిగింది మీ నాన్న సంగతి."

"నాన్నకి చెప్తే ఇంట్లో ఉన్న సైకిలు కూడా పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాడు. నాకొచ్చిన ఉద్యోగం ఊళ్ళు తిరిగేది అత్తా, కారు రాకపోతే తీసుకోరు. నువ్వు కాదంటే చెప్పు, ఎదురు సందులో ఉన్న స్కూల్లో చేరతా. వాళ్ళెలా నేర్పుతారో నాకన్నా నీకే బాగా తెలుసు."

పిల్ల తండ్రి పోలికే. అడిగిందంటే అయిపోవాలి. ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పకుండా నేర్పితే తమ్ముడికి ద్రోహం, నేర్పకపోతే పిల్ల ఎవడి చేతిలో పడుతుందో. తెల్లారాక "రా" అంది.

మేనకోడలికి చెయ్యి త్వరగానే కుదిరింది. అత్త కాలే కుదురుగా ఉండనివ్వలేదు. "నేను తొక్కేలోపే నువ్వు తొక్కేస్తే నాకెప్పుడొస్తుంది?" అని పిల్ల గింజుకునేది. "వచ్చినప్పుడే వస్తుందిలే" అనేది ఆమె.

ఒక మధ్యాహ్నం వంతెన ఎక్కే దారిలో ఎత్తు మీద ఆపడం, కదలడం నేర్పుతోంది. ముందు ఇనపచువ్వలు నింపుకున్న లారీ ఒకటి మూలుగుతూ ఎక్కుతోంది. సగం దారిలో ఆగిపోయింది. మేనకోడలు వెనక కాస్త ఎడంగా కారు ఆపింది. ఇద్దరి కాళ్ళూ బ్రేకుల మీద ఉన్నాయి. వెనక దారి ఖాళీ. కాస్త వెనగ్గా, ఎడమ పక్క మరమ్మతు కోసం పోసిన ఇసక గుట్ట ఉంది.

లారీ చక్రాలు వెనక్కి తిరగడం ఇద్దరూ ఒకేసారి చూశారు.

మొదట కొంచెమే. డ్రైవరు ఆపేస్తాడనుకున్నారు. లారీ ఆగలేదు. దాని క్లీనరు కిందికి దూకి, చేతులు ఊపుతూ "పక్కకి! పక్కకి!" అని అరుస్తున్నాడు. లారీ వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చిన చువ్వలు కారు అద్దం వైపు నేరుగా వస్తున్నాయి.

మేనకోడలు గేరు తప్పించి బ్రేకు వదిలేసింది. పల్లం కాబట్టి కారు దానంతటదే వెనక్కి జారాలి. జారలేదు. కిందికి చూసింది. అత్త కాలు అవతలి బ్రేకును నేలకు తొక్కిపట్టి ఉంది.

"కాలు తియ్యత్తా!"

ఆమెకు వినిపించింది. తియ్యాలని తెలుసు. కాలు తన మాట వినలేదు. నడుము దగ్గర్నుంచి మడమ దాకా కొయ్యలా బిగిసిపోయింది. వదిలేస్తే పోతుంది, వదిలేస్తే పోతుంది అని లోపల ఒకటే మాట.

"అత్తా, చచ్చిపోతాం! తియ్యి!"

పిల్ల ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో ఆమె మోకాలి వెనక చెయ్యేసి, బావిలోంచి చేద లాగినట్టు లాగింది. కాలు లేచింది. కారు జర్రున వెనక్కి జారింది. పిల్ల స్టీరింగు ఒక్కసారిగా తిప్పేసింది. వెనక చక్రాలు ఇసక గుట్టెక్కి దిగబడ్డాయి. అదే క్షణంలో లారీ వాళ్ళ ముందు నుంచి దొర్లుకుంటూ పోయి, కారు ముందు బంపరు ఊడగొట్టి, కింద పిట్టగోడకు గుద్దుకుని ఆగింది.

తర్వాత మేనకోడలు వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే, "నన్ను చంపేసేదానివి" అంది.

అది నిజం.

లారీ డ్రైవరుకు నుదుటి మీద బొప్పి తప్ప ఏమీ కాలేదు. జనం పోగయ్యారు. "ఆడపిల్ల చేతికి కారిస్తే ఇంతే" అన్నాడొకడు. "ఆ పిల్లే లేకపోతే నేను లేను, నోరు మూసుకో" అని ఆమె వాడి మీద విరుచుకుపడింది. స్కూల్ ఓనరుకు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ తర్వాత మేనకోడలితో, "పద, మీ నాన్న దగ్గరికి" అంది.

"పిచ్చా నీకు? తెలిస్తే ఇక నా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాల్సిందే."

"తెలియాలి. ఇంకొకళ్ళు చెప్పేలోపు నేనే చెప్పాలి."

తమ్ముడు ముందు గదిలో మందుల షాపు బోర్డు రాస్తున్నాడు. ఇద్దరి బట్టల మీద ఇసక చూసి కుంచె పక్కన పెట్టాడు. ఆమె గుమ్మంలో నిలబడే అంతా చెప్పింది. లారీ గురించి, బ్రేకు గురించి, కాలు గురించి. ఒక్కటీ దాచలేదు.

తమ్ముడి మొహం పాలిపోయింది. కూతుర్ని దగ్గరికి పిలిచి చేతులు, భుజాలు తడిమి చూసుకున్నాడు. తర్వాత తలెత్తి, "మళ్ళీ నువ్వేనా అక్కా?" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆ మాట ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసింది. పడ్డాక అనుకున్నంతా నొప్పి పెట్టింది.

"నేనేరా. అప్పుడూ నేనే" అని వెనక్కి తిరిగింది.

"ఆగు. ఎక్కడికి? ఎప్పుడూ ఇంతే. ఒక మాట పడెయ్యడం, పారిపోవడం!" తమ్ముడు కర్ర అందుకుని లేచాడు. "ఆ రోజు నువ్వు వద్దన్నావు. ఒకసారి కాదు, రెండుసార్లు. నన్ను చిన్నపిల్లాణ్ణి చేస్తున్నావని నేను దెబ్బలాడి లాక్కున్నాను. ఆ సంగతి అమ్మకి చెప్పావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చివరికి ఇచ్చింది నేనే కదా."

"వానలో వేగంగా పోనిచ్చింది ఎవరు? నువ్వా? నిద్రలో ఉన్నదానివి! అప్పుడు నాకు చెప్పే ధైర్యం లేకపోయింది. అమ్మ నిన్ను తిడుతుంటే మంచం మీద పడుకుని విన్నాను, నోరు విప్పలేదు. తర్వాత విప్పుదామంటే నువ్వు గుమ్మం దాటి లోపలికి రావు. తప్పంతా మూటకట్టుకుని నెత్తినెత్తుకున్నావు, అందులో నా వాటా కూడా. కుంటికాలొక్కటే నాకొదిలేశావు."

మరదలు వంటింటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడిపోయింది. మేనకోడలు తండ్రినీ అత్తనీ మార్చి మార్చి చూస్తోంది.

"నా మీద కోపం లేదా నీకు?" ఆమె అడిగింది.

"ఎందుకు లేదు? తాళాలిచ్చినందుకు కొంచెం ఉంది. ఇవాళ్టిది బోలెడు. ఇన్నేళ్ళూ నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూసి పళ్ళు పంచిపెట్టి పోయావే, దానికి అన్నిటికన్నా ఎక్కువ." కుర్చీలో కూలబడ్డాడు. "లోపలికి రా ముందు. వీధిలో పెట్టి తిడుతుంటే నాకే బాగోలేదు."

ఆమె వచ్చి కూర్చుంది. మరదలు నీళ్ళిస్తే గటగటా తాగేసింది. ఆ సాయంత్రం వాళ్ళు ఏడ్చింది తక్కువ, దెబ్బలాడుకుంది ఎక్కువ. చీకటి పడ్డాక తమ్ముడు తేల్చాడు: పిల్ల నేర్చుకోవచ్చు, కానీ స్కూల్లో వేరే మాస్టరు దగ్గర. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. అయినా సరేనంది. మర్నాడు వెళ్ళి, తన కాలు తనకు లొంగేదాకా ఆ సీట్లో కూర్చోనని ఓనరుకు చెప్పేసింది.

తర్వాతి వారం తమ్ముడే ఫోను చేశాడు. ఇన్నేళ్ళలో అది మొదటిసారి.

"పెద్ద గోడొకటి ఒప్పుకున్నానక్కా. నిచ్చెన పట్టుకోవడానికి మనిషి కావాలి. మా ఆవిడ పట్టనంటోంది."

"బుద్ధుందా నీకు? ఆ కాలితో నిచ్చెనేమిటి?"

"వస్తావా, రావా?"

"వస్తాను. కానీ భయమేస్తే నోరు మూసుకోను, దిగమంటాను."

"అను. నేను వింటానని మాటివ్వను."

ఎండ పడని వేళ చూసుకుని గోడ దగ్గరికి వెళ్ళారు. ఆమె రెండు చేతులా నిచ్చెన పట్టుకుంది. తమ్ముడు కుడికాలు మెట్టు మీద వేసి, బిగిసిన ఎడమకాలిని పక్కకు ఈడ్చి, చేతుల బలంతో లేచాడు. ఒక్కో మెట్టుకీ నిచ్చెన కిర్రుమంది. "దిగు" అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. అతను సగం దాకా వెళ్ళి, రొప్పుతూ, గోడకు నుదురు ఆనించి ఆగిపోయాడు.

"ఏరా?"

"ఇక నావల్ల కాదు. దిగుతున్నా, గట్టిగా పట్టుకో."

కిందికి వచ్చి, చెమట తుడుచుకుని, గోడను ఎగాదిగా చూశాడు.

"ఈ నిచ్చెనకి మెట్లు దూరం. దగ్గర దగ్గరగా ఉన్నది తెచ్చుకుని రేపు మళ్ళీ చూద్దాం" అన్నాడు.

"సరే, పొద్దున్నే వస్తాను" అంది ఆమె.