ఒకే సైజు సీసాలు

చెల్లెలి కొడుకు పెళ్లికని కన్యకమ్మ మిర్యాలగూడ వెళ్లింది. వాళ్లది రైసు మిల్లు ఇల్లు, వచ్చేపోయే జనం ఎక్కువ, వారం దాకా చెల్లెలు వదలదని అందరికీ తెలుసు. ఆమెను బస్సెక్కించి వచ్చిన సాయంత్రమే కోడలు వర్ష వంటింట్లోకి వెళ్లి కొంగు బిగించింది.

వర్షది కోదాడ. సూర్యాపేటకు కాపురానికి వచ్చి, నిత్యకు తల్లై, ఆ పిల్ల యూకేజీకి వచ్చినా ఈ ఇంట్లో తన చెయ్యి పడిన మూల అంటూ ఒకటి లేదని ఆమెకు లోపల వెలితిగా ఉండేది. మామ నరసయ్య, భర్త అరవింద్ పొద్దున్నే మార్కెట్ యార్డు దగ్గరి ధాన్యం దుకాణానికి వెళ్లిపోతారు. ఇల్లు కన్యకమ్మది. వంటిల్లు మరీను. ఏ డబ్బా అయినా కొంచెం పక్కకు జరిపితే సాయంత్రానికి మళ్లీ తన పాత చోటికి చేరిపోయేది.

వర్షకు పాత వస్తువును కొత్తగా వాడుకోవడమంటే పిచ్చి. దుకాణం నుంచి వచ్చిన ఖాళీ గోనె సంచులను ఉతికి, కత్తిరించి, గోడకు తగిలించే జేబులు కుట్టింది. అరవింద్ వదిలేసిన జీన్స్ ప్యాంట్ల జేబులు బీరువా తలుపు లోపల దువ్వెనలకు, పిన్నులకు పనికొచ్చాయి. అటక మీద పడి ఉన్న కర్ర నిచ్చెన తువ్వాళ్ల స్టాండైంది. మంచం కింది ఇనుప పెట్టెను బయటికి లాగి, తుప్పు గీకి, పసుపు రంగు వేసి, పాత చీరలు కుక్కిన మెత్తను పైన పరిచి, నడవాలో గోడ వారగా పెట్టింది. లోపల చెప్పులు, పైన కూర్చోవడానికి చోటు. చూసిన అరవింద్ కూడా "మస్తుగున్నది" అన్నాడు.

ఇక మిగిలింది వంటింటి అర. అక్కడున్న డబ్బాలు చూస్తే వర్షకు ఒళ్లు మండేది. ఒకటి పొట్టిది, ఒకటి సొట్టది, ఒకదానికి మూత వేరేది. ఉప్పు డబ్బా మెడకు మురికి దారం ముడి. చక్కెర సీసాకు పాల ప్యాకెట్ల రబ్బరు బ్యాండ్లు. కారం సీసా మెడకైతే ఒక పాత గాజు తొడిగి ఉండేది. ముసలివాళ్ల చాదస్తం అనుకుంది. చుట్టుపక్కల ఇళ్లలో అడిగి చాలాకాలంగా పోగు చేసుకున్న ఖాళీ కాఫీ సీసాలు ఆమె దగ్గరున్నాయి. అన్నీ ఒకే సైజు, ఒకే రంగు మూతలు. శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, సామానంతా వాటిలోకి మార్చి, తన ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు రాసి అంటించింది. పాత డబ్బాలన్నీ పాత సామాన్ల బండివాడికి వేసి, బదులుగా ఒక ప్లాస్టిక్ బకెట్టు తీసుకుంది.

కన్యకమ్మ తిరిగొచ్చిన రోజు వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

"ఎట్లుంది అత్తయ్యా?" అని అడిగింది వర్ష.

"బాగుంది బిడ్డా," అంది ఆమె. "నా డబ్బాలేడబోయినయ్?"

"పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. అన్నీ సొట్టలే కదా."

కన్యకమ్మ తన సంచి తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. ఏదో ఒకటి అంటుందని, రెండు రోజులు మొహం ముడుచుకుంటుందని వర్ష అనుకుంది. అదేమీ లేకపోయేసరికి గెలిచినట్టే అనిపించింది.

ఆ ఆదివారం కోదాడ నుంచి వర్ష తమ్ముడు కార్తీక్ కొత్తగా పెళ్లైన భార్యను తీసుకుని వచ్చాడు. అక్క ఇంటిని చూసి మరదలు ఫోన్లో ఫొటోలు తీసుకుంటుంటే వర్షకు కాలు నేల మీద ఆగలేదు. ఆ సంబరంలో ఉండగా కన్యకమ్మ తనే చాయ్ పెట్టి తెచ్చింది. కార్తీక్ ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, భార్య మొహంలోకి చూశాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంది. వర్ష రుచి చూసింది. ఉప్పు.

"పేర్లు రాసిపెట్టాను కదా అత్తయ్యా!" అంది, అందరూ వింటుండగానే. "ఒక్కసారి చదువుకుంటే అయిపోయేది. ఇంత చేసి ఏం లాభం?"

కన్యకమ్మ కప్పులన్నీ ట్రేలో సర్దుకుంది. "సూస్కోలే బిడ్డా. ఏదో పరధ్యానం," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె వంటింటికి రావడం తగ్గించింది. కూరగాయలు బయటే కూర్చుని తరిగి ఇచ్చేది. ఇది, అది అని దేనికీ అడ్డు చెప్పేది కాదు. వంటిల్లు తన చేతికొచ్చిందని వర్షకు లోలోపల హాయిగా ఉండేది. ఆ హాయిని ఎవరికీ చెప్పుకోలేదు కానీ, రోజూ అనుభవించింది.

ఒకరోజు పొద్దున వర్ష స్నానం చేసి వస్తుంటే వంటింట్లో సీసాల చప్పుడైంది. తలుపు దగ్గర ఆగి చూసింది. కన్యకమ్మ అర ముందు నిలబడి ఉంది. కిటికీలోంచి ఎండ ఆ సీసాల మీద నేరుగా పడుతోంది. ఆమె ఒక సీసా తీసింది. పేరు చదవలేదు. మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది, వేలు ముంచి నాలుక మీద రాసుకుంది, మూత పెట్టింది. చేత్తో గాల్లో తడుముకుంటూ అర అంచు వెతికి, దాన్ని పట్టుకుని, సీసాను మెల్లగా లోపలికి జరిపింది. తర్వాత ఇంకొకటి తీసింది.

వర్షకు విషయం అర్థమైంది. పూర్తిగానే అర్థమైంది. అడుగు ముందుకు వేసి "అత్తయ్యా, మీకు కనబడట్లేదా?" అని అడగడానికి మాట నోటి దాకా వచ్చింది. అడిగితే ఏమవుతుందో కూడా అదే క్షణంలో తోచింది. సీసాలన్నీ తీసేయాలి. ఆ సొట్ట డబ్బాలు మళ్లీ రావాలి. వంటిల్లు మళ్లీ ఆమెది అవుతుంది. రేపు అడుగుదాంలే అనుకుని వర్ష చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోయింది.

రేపు అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. కొన్నాళ్లకు, తను చూసింది అంత పెద్ద విషయమేమీ కాదని తనకు తనే నచ్చజెప్పుకుంది.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున నిత్య స్కూల్ వ్యాను ఎక్కుతూ టిఫిన్ బ్యాగు మర్చిపోయింది. వర్ష మేడ మీద బట్టలు తీస్తోంది. వ్యాను హారన్ విని కన్యకమ్మ బ్యాగు పట్టుకుని నడవాలో వడివడిగా నడిచింది. పసుపు రంగు పెట్టె మోకాలికి తగిలి, ఆమె దాని మీద నుంచి అవతలికి పడింది. వర్ష పరుగున దిగి వచ్చేసరికి కుడి మణికట్టు వంకర తిరిగి ఉంది. కన్యకమ్మ నొప్పికి అరవడం లేదు. "పిల్ల బువ్వ పోయింది సూడు," అంటోంది.

దవాఖానలో కట్టు వేస్తూ ఎముకల డాక్టరు అడిగాడు, "అంత పెద్ద పెట్టె కనబడలేదా అమ్మా?" ఆయన చెయ్యి ఆమె చెవి పక్క నుంచి ముందుకు కదిలించి చూసి, అరవింద్‌ను బయటికి పిలిచి, ముందు కళ్లు చూపించమన్నాడు.

కంటి డాక్టరు పరీక్షలన్నీ చేయించాడు. కంట్లో ప్రెషర్ పెరిగి నరం దెబ్బతిన్నదనీ, కుడి కన్ను దాదాపు పోయినట్టేననీ చెప్పాడు. ఎడమ కంట్లో మధ్యన కొంచెం చూపు మిగిలింది కానీ దానికి శుక్లం కమ్మింది. శుక్లం తీయవచ్చు, చుక్కల మందుతో మిగిలిన చూపు నిలబెట్టవచ్చు. పోయింది మాత్రం తిరిగి రాదు.

"ఎన్నాళ్ల సంది గిట్లున్నదమ్మా?" అరవింద్ అడిగాడు.

"నిరుడు కార్తీకం నుంచి."

"మరి చెప్పొద్దా?"

"చెప్తే పొయ్యికాడికి రానిస్తరా మీరు? డబ్బాలకు గుర్తులు పెట్టుకున్న. చేతికి తెలుస్తుండె. నడుస్తుండె."

వర్ష గోడను ఆనుకుని నిలబడింది. ధైర్యం తెచ్చుకుని డాక్టరును అడిగింది, "రెండు నెలల ముందు వచ్చి ఉంటే ఏమైనా తేడా ఉండేదా సార్?"

"చెప్పలేమమ్మా. కొంత ఉండేదేమో. ఎంత ముందొస్తే అంత మంచిది."

లేదు అని ఆయన అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. ఆయన అనలేదు.

ఇంటికొస్తుంటే ఆటోలో అరవింద్, "నువ్వేం మనసుల పెట్టుకోకు. నీకేం తెలుసు పాపం," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది వర్షకు. ఇల్లు చేరగానే ఆ పెట్టెను ఒక్కతే ఈడ్చుకుంటూ మేడ మీదికి తీసుకెళ్లి పడేసింది. మెట్ల మీద పసుపు గీతలు పడ్డాయి.

చుక్కల మందు వేసే పని వర్షే తీసుకుంది. కన్యకమ్మ మంచం మీద పడుకుని మొహం పైకి పెడితే, రెప్ప కిందికి లాగి చుక్క వేయాలి. ఒక మధ్యాహ్నం అలా వేస్తుండగా గురి తప్పి మందు చెంప మీద పడింది.

"అత్తయ్యా," అంది వర్ష. "ఒకరోజు పొద్దున మీరు సీసాలు వాసన చూసుకుంటుంటే నేను చూశాను. మీకు కనబడట్లేదని నాకప్పుడే తెలుసు. ఎవరికీ చెప్పలేదు."

కన్యకమ్మ కళ్లు మూసుకునే ఉంది. చెంప మీది తడి కొంగుతో తుడుచుకుంది.

"ఎరుకే," అంది.

వర్షకు అర్థం కాలేదు.

"నువ్వు తలుపుకాడ నిలబడ్డవ్. తలస్నానం జేసినవ్, కుంకుడుకాయ వాసనొచ్చింది. అడుగుతవేమోనని ఆ సీసాలు పట్టుకొని శానాసేపు నిలబడ్డ బిడ్డా. అడిగితే చెప్దామనుకున్న. దాసి దాసి నాకూ పరేషానైంది."

వర్ష చేతిలోని మందు సీసాను పక్కన పెట్టింది. కన్యకమ్మ కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. "ఇంకో కంట్ల ఎయ్యి," అంది.

ఆ వారంలోనే వర్ష సీసాల మీది కాగితాలన్నీ పీకేసింది. అత్తను కుర్చీ వేసి కూర్చోబెట్టి, దేనికి ఏ గుర్తు కావాలో అడిగింది. కన్యకమ్మ ఎడమ చేత్తో తడిమి చెప్పింది. ఉప్పుకు దారం ముడి, చక్కెరకు రబ్బరు బ్యాండ్లు, పసుపుకు గుడ్డపీలిక. కానీ సీసాలన్నీ ఒకే తీరున నున్నగా ఉండడం ఆమె చేతికి నచ్చలేదు. "నా డబ్బాలైతే బరువు తోటే తెలుస్తుండె," అంది ఒకసారి. వర్ష పాత సామాన్ల బండి కోసం బస్టాండు దాకా తిరిగి అడిగింది. అవి ఎప్పుడో తూకానికి పోయాయని బండివాడు చెప్పాడు.

ఈ మధ్యలో కార్తీక్ భార్య కోదాడ నుంచి ఫోన్ చేసింది. "వదినా, మా వంటిల్లు కూడా మీలాగే సర్దుకుందామనుకుంటున్నాను. ఆ సీసాలు ఎక్కడ దొరుకుతాయి?"

"మీ అత్తయ్యను అడిగావా?" అంది వర్ష. అత్తయ్య అంటే తన తల్లే.

"ఆవిడకేం తెలుస్తుంది వదినా ఇవన్నీ?"

"ముందు అమ్మను అడుగు. అమ్మ ఒప్పుకుంటేనే చెయ్యి," అని మాత్రం చెప్పి వర్ష ఫోన్ పెట్టేసింది.

చేతి కట్టు విప్పాక కన్యకమ్మ ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. పట్టీ తీసిన రోజు డాక్టరు గోడ మీది అక్షరాలు చదివించాడు. పై రెండు వరుసలు చదివింది. మూడోది పోల్చుకోలేకపోయింది. అరవింద్ సంతోషంతో స్వీట్లు తెస్తానని ముందే వెళ్లిపోయాడు.

బయట మెట్ల దగ్గర వర్ష చెయ్యి చాపింది. కన్యకమ్మ దాన్ని చూసింది. చూసి కూడా పక్కనున్న ఇనుప కడ్డీనే పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడుముతూ దిగింది. వర్ష చెయ్యి దించుకుని ఆమె వెనకే నడిచింది. కింద రోడ్డు మీద లారీలు వరసగా పోతున్నాయి. అవతలికి దాటితే గానీ ఆటో దొరకదు. కన్యకమ్మ అంచున ఆగి, అటూ ఇటూ తల పూర్తిగా తిప్పి చూసింది. ఎంత చూసినా నమ్మకం చిక్కలేదు.

"ఏదొస్తున్నదో చెప్పు బిడ్డా," అంది.

"లారీ వస్తోంది అత్తయ్యా, ఆగండి," అంది వర్ష. "ఇంకోటి ఉంది... ఆగండి... ఆ, ఇప్పుడు నడవండి."

ఇద్దరూ కలిసి రోడ్డు దాటారు.