వంతెన మీద ఆగిన అడుగులు

ఏటా జనవరిలో, పండగ రద్దీ తగ్గిన వారం చూసుకుని, ముగ్గురు స్నేహితురాళ్లు తమ ఊరు యిహ్లవాలో రైలెక్కి ప్రాగ్ నగరం చూడబోయేవారు. లిబుషె, క్వేతా, యర్మిలా ఒకే తపాలా కార్యాలయంలో ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు వేరుచేసి, ఒకే ఏడాది పదవీ విరమణ చేసినవారు. స్టేషనులో నిలబడే కాఫీ తాగడం, పాత రాతి వంతెన దాటడం, కొండమీది కోట గోడ పక్కన కూర్చుని ఇంటినుంచి తెచ్చిన వేపుడు మాంసం, రొట్టె తినడం, సాయంత్రం రైలుకి తిరిగి రావడం, ఇదీ వారి క్రమం.

ఆ శనివారం తెల్లవారేసరికి మంచు కురిసి వెలిసింది. ప్రాగ్‌లో కొత్త మంచు మీద మనిషి నడవబోయే అడుగులు ముందుగానే పడి ఉంటాయి. ఎవరివి వారు గుర్తుపడతారు; కూడా నడిచేవారివీ గుర్తుపడతారు. అయితే ఎదుటివారి అడుగుల గురించి నోరెత్తడం అమర్యాద. పరుల ఉత్తరం విప్పి చదవడం ఎంత తప్పో, అదీ అంత తప్పని ఆ ముగ్గురూ ఎరుగుదురు.

వంతెన మొదట్లో నిలబడి లిబుషె ముందుకు చూసింది. తన అడుగులు, యర్మిలా అడుగులు వంతెన పొడవునా నిలిచిన పుణ్యాత్ముల విగ్రహాల్లో ఎనిమిదోదాని ముందు గజిబిజిగా తొక్కుకుని, ఆపైన అవతలి ఒడ్డుకు సాగిపోయాయి. వాటి నడుమ ఉన్న క్వేతా అడుగులు ఆ విగ్రహం దగ్గరే ఆగిపోయాయి. వెనక్కి తిరగలేదు, పక్కకు తప్పుకోలేదు.

క్వేతా అప్పుడు వేడి ద్రాక్షసారా అమ్మేవాడితో గ్లాసు నిండలేదని తగువాడుతోంది. లిబుషె వంతెన మొదట్లో ఉన్న బురుజు చాటుకు వెళ్లి అత్యవసర నంబరుకి ఫోను చేసింది. అవతలి మనిషి గొంతులో ఆశ్చర్యం లేదు.

"ఎన్ని అడుగులు మిగిలాయమ్మా?"

"నాలుగు వందలుండొచ్చు."

"వెనక్కి మాత్రం తిప్పకండి. తిప్పితే ఆఖరి అడుగు ఇంకెక్కడో పడుతుంది, అది మాకు దొరకదు. ఆవిడకి చెప్పొద్దు, బెదిరిపోతుంది. పావుగంట పట్టేలా నడిపించండి. మా వాళ్లు అవతలి ఒడ్డునుంచి వస్తారు."

పావుగంట. మామూలుగా అయితే ఆ దూరం అయిదు నిమిషాలకు మించదు. లిబుషె తిరిగివచ్చి మొదటి విగ్రహం ముందు నిలబడి, కింద చెక్కిన లాటిన్ అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కోసాగింది.

"ముప్ఫై ఏళ్లుగా వస్తున్నాం, ఒక్క పుణ్యాత్ముడి మొహమైనా చూశావా?" అంది క్వేతా. "ఇవాళేమిటే ఈ భక్తి?"

"వయసొచ్చింది కదా."

"వయసొస్తే మోకాళ్లు నొప్పెడతాయి, భక్తి రాదు. నడువ్, ముక్కు ఊడిపోయేలా ఉంది."

రెండో విగ్రహం దగ్గర ఫొటో తీసింది. మూడో దగ్గర అది బాగా రాలేదని మళ్లీ తీసింది. నాలుగో దగ్గర యర్మిలా విసుక్కోబోయి, లిబుషె చూపు వెంబడి ముందుకు చూసి, మాట మింగేసింది. కాసేపటికి ఆమె చేతితొడుగు ఒకటి ఎక్కడో జారిపోయింది. దాన్ని ముగ్గురూ వెతికారు. అది యర్మిలా జేబులోనే ఉన్నదని లిబుషెకు తెలుసు.

ఏడో విగ్రహం దాటాక చేయగలిగింది ఏమీ మిగలలేదు. లిబుషె మంచులో మోకాళ్ల మీద కూలబడి, క్వేతా బూటు తాడు వదులైందని చెప్పి ముడి విప్పింది. వేళ్లు కొంకర్లు పోతున్నా కట్టింది. కట్టింది మళ్లీ విప్పింది. క్వేతా వంగి, స్నేహితురాలి టోపీ మీద చెయ్యి వేసి నిలబడింది.

తల ఎత్తేసరికి నారింజరంగు కోట్లవాళ్లు ఇద్దరు ఎనిమిదో విగ్రహం దగ్గర స్ట్రెచర్ దించుకుని, ఊరు చూడవచ్చినవాళ్లలాగా నది వైపు చూస్తున్నారు. లిబుషె ముడి బిగించి లేచింది. ముగ్గురూ చేతులు పట్టుకుని నడిచారు. ఆఖరి అడుగు మీద కాలు మోపి, క్వేతా ముందుకు ఒరిగింది. ఆమె నేలకు తగలకముందే నాలుగు చేతులు పట్టుకున్నాయి.

వాళ్లు కరెంటు షాకు ఇస్తే ఆమె గుండె రెండుసార్లు మొరాయించి, మూడోసారికి దారికొచ్చింది. స్ట్రెచర్ మీద క్వేతా కళ్లు తెరిచి, దగ్గరికి రమ్మన్నట్టు లిబుషె వైపు వేలు కదిపింది.

"వంతెన మొదట్లోనే చూశాను," అంది, వినీ వినబడకుండా. "మీరు చూడకముందే గబగబా అక్కడికి చేరిపోదామనుకున్నా. నువ్వేమో తాడు కడుతూ కూర్చున్నావు."

లిబుషె కంబళి అంచు ఆమె గడ్డం కిందికి సర్దింది.

ఆసుపత్రి ఆవరణలో ఇంకా ఎవరూ తొక్కని మంచు ఉంది. లోపలికి పోయే అడుగుల్లో క్వేతావి లేవు, మోసుకుపోతున్నారు గనుక. బయటికి వచ్చేవి మాత్రం మూడు జతలున్నాయి. దగ్గరదగ్గరగా, చాలా నిదానంగా, అవి ట్రాము ఆగే చోటికి వెళ్తున్నాయి.