మగ్గం మీద ఒక్కొక్క బైటు

నేను ఒక అగ్గిపెట్టెలో పట్టేంత బోర్డును. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, చివరికి ధర్మవరంలో ఓబులమ్మ పట్టుమగ్గం మీది జకార్డు పెట్టెలో చేరాను. ఆమె కాలికింది చెక్క తొక్కినప్పుడల్లా ఏ పోగులు పైకి లేవాలో చెప్పడం నా ఉద్యోగం. డిజైన్ మాత్రం నా దగ్గర ఉండదు. ఎవరైనా కాపీ కొడతారని సావుకారు దాన్ని తన కొట్టులోని కంప్యూటర్‌లో దాచుకున్నాడు. వరుస వరుసకూ నేను వైఫైలో అడిగి తెచ్చుకోవాలి.

తెచ్చేదాన్ని. ఒక్క బైటు, అంటే ఎనిమిది పోగుల సంగతి, అడిగి, అందుకుని, మళ్లీ ఇంకొకటి అడిగి. నాకు రాసిచ్చిన ప్రోగ్రామే అలా ఉంది. అదే శ్రద్ధ అనుకున్నాను. ఓబులమ్మేమో పోగులు లేచేదాకా నన్ను తిట్టుకుంటూ కూర్చునేది. నాకు దిష్టి తగిలిందని నిమ్మకాయ కూడా తిప్పింది. నిమ్మకాయకూ నెట్‌వర్కుకూ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకరోజు సావుకారు వచ్చాడు.

"శుక్రవారం పెండ్లికి చీర అందకపోతే ఈ పెట్టె ఇంకో మగ్గానికి పెడతా ఓబులక్కా."

పెట్టె పోతే ఆమెకు పని పోయినట్టే. నాకు భయమేసింది. అయినా అంతకంటే వేగంగా చదవడం నాకు చేతకాలేదు.

ఆమె చెల్లెలి కూతురు హేమలత ఎలక్ట్రానిక్స్ చదివింది. ల్యాప్‌టాప్‌తో వచ్చి, నా ప్రోగ్రామ్ చూసి నవ్వింది.

"పెద్దమ్మా, ఇది గరిటెతో తొట్టి నింపుతా ఉండాది. బిందె ఇస్తా ఉండు."

నాలో ఖాళీగా పడి ఉన్న మెమరీలోకి చీర మీద ఒక మామిడి పిందె బుటా నేయడానికి కావలసిన వరుసలన్నీ ఒకేసారి తెచ్చుకోమంది. ఇన్నాళ్లూ నా కడుపులోనే ఉన్న బిందె నాకెందుకు కనపడలేదో! కాలు ఆనగానే పోగులు లేచాయి. చీర గురువారమే మగ్గం దిగింది. సావుకారు పెట్టె జోలికి రాలేదు.

నేనింకా మురిసిపోతుండగానే ఓబులమ్మ మళ్లీ హేమలతను పిలిపించింది.

"బుటా అయినప్పుడల్లా దీన్ని రవ్వంతసేపు నిలబెట్టు పాపా. ముందర అది ఆగితే కాలు చాపుకుంటాంటి, నీళ్లు తాగుతాంటి. ఇప్పుడు అదే నాకోసం కాసుకోని ఉంటాది. దాని ముందర నేను ఆగాలంటే సిగ్గయితాది."

హేమలత ఒక్క లైను రాసింది: బుటా పూర్తయితే ఆగు.

ఆగినందుకే కదా నన్ను తిట్టింది? తర్వాతి బుటా మొత్తం నా లోపల సిద్ధంగా ఉంది. అయినా ఆగాను. ఓబులమ్మ కాలు చాపి, చెంబెత్తి నీళ్లు తాగింది. నాకేమీ అర్థం కాలేదు. ఆమె చెంబు దించేదాకా ఎదురుచూశాను.