కళ్యాణి పేరు మీద గోలీలు

బాబూరావుకి అన్నం పెట్టడమంటే ఒక్క అన్నం పెడితే సరిపోదు. పీట వెయ్యాలి, చెంబుతో నీళ్లు పెట్టాలి, కంచం పక్కన బీపీ గోలీ కూడా పెట్టాలి. మరిచిపోతే, ఉప్పు తక్కువైనప్పుడు గద్దించినట్టే, "గోలీ ఏది?" అని గద్దిస్తాడు. ఆ గోలీ దవాఖానలో కళ్యాణి పేరు మీద వచ్చేదని మొగుడూపెళ్లాలిద్దరికే తెలుసు.

బూర్గంపాడులో కిరాయి ఇల్లు వాళ్లది. బాబూరావు కంపెనీ బస్సు డ్రైవరు. నిరుడు తలనొప్పని మందుల షాపులో చూపించుకుంటే బీపీ బాగా ఎక్కువుందన్నారు. సర్కారు దవాఖానలో నెలనెలా గోలీలు ఊరికే ఇస్తారు, కానీ పేరు రాయించుకోవాలి. "నా పేరెక్కిందంటే కంపెనీల తెలుస్తది. స్టీరింగ్ ముట్టనియ్యరు. నువ్వు పో. నీకే తల తిరుగుతున్నదని చెప్పి తే," అన్నాడు. మొగుడి కొలువు మాట వచ్చాక కాదనగలదా? బడిలో మధ్యాహ్నం వంట ముగించి, చీర చెంగుకి చేతులు తుడుచుకుని, పోయి లైన్లో నిలబడింది. చేతికి బీపీ పట్టీ కట్టి చూస్తే అబద్ధం బయటపడుతుందని, నలుగురిలో పరువు పోతుందని భయపడింది.

నర్సు పద్మావతమ్మ పట్టీ కట్టి చూసింది. నమ్మకం కుదరక మళ్లీ చూసింది. "నూట డెబ్బై దాటింది. ఇన్నొద్దులు ఏం చేసినవమ్మా?" అంటూ గోలీలు చేతిలో పెట్టింది.

అప్పుడు కళ్యాణి ఏమనుకుందో చెబితే నవ్వుతారు, నవ్వాక ఏడుస్తారు. దొరికిపోలేదు, బతికిపోయానురా దేవుడా అనుకుంది! ఆ సంబరంలో, ఆ నూట డెబ్బై తన ఒంట్లోదేనన్న సంగతి ఆమెకు తోచనే లేదు. ఎలా తోస్తుంది? తెల్లారకముందే నీళ్లు పట్టాలి, వాకిలి ఊడవాలి, ఆయనకు డబ్బా కట్టాలి, బడిలో పిల్లలందరికీ వండాలి, ఇంటికొచ్చి మళ్లీ అంట్లు తోమాలి. మెడ వెనక బరువైనా, పొయ్యి ముందు కళ్లు బైర్లు కమ్మినా, అదంతా పని వల్లేననుకుంది. "ఆడదానికి తలనొప్పి ఎప్పుడు లేదు?" అని అత్త బతికుండగా అన్న మాట ఒకటి చెవిలో ఉండనే ఉంది.

ఆయన తేరుకున్నాడు. "ఇప్పుడు మంచిగ నిద్ర పడుతున్నది," అని నలుగురితో చెప్పుకుంటున్నాడు. కళ్యాణి బీపీ మాత్రం ఏ నెలా దిగలేదు.

ఇవాళ పద్మావతమ్మకి ఒళ్లు మండింది. "గోలీలు ఏస్కుంటున్నవా, పొయ్యిల పడేస్తున్నవా? ఏ ఊరికి పోయినా గిదే కత. సగం మందికి బీపీ ఉన్నట్టే ఎర్క లేదు. ఎర్కైనోళ్లు గోలీ ఏస్కోరు. మెదడుల నరం చిట్లితె కాలు చెయ్యి పడిపోతయమ్మా. నువ్వు మంచాన పడితె నీకు ముద్ద పెట్టేటోళ్లున్నరా ఇంట్ల?" అని అడిగింది. డాక్టరు గోలీ పవరు రెండింతలు చేసి రాశాడు.

ఆ బీపీ తనదేనని కళ్యాణికి ఇప్పటికి తోచింది. దారి పొడుగునా ఆ ముద్ద మాటే. తనకు ముద్ద పెట్టే చెయ్యి ఎవరిదా అని ఎంత ఆలోచించినా ఎవరూ తట్టలేదు. నడిరోడ్డు మీద ఏడుపొచ్చింది.

సాయంత్రం బాబూరావు డ్యూటీ దిగొచ్చి పీట మీద కూర్చున్నాడు. "గోలీ ఏది?"

"పవరు పెంచిండ్రయ్యా. నాకు చూసి రాసిండ్రు. నువ్వేసుకుంటే స్టీరింగ్ మీద కళ్లు తిరుగుతయ్."

"సగం విరిచి ఇయ్యి."

"మిగిలిన సగం?"

"రేపటికి దాచు."

ఆయనకేం తెలుసు పాపం, చెబితే కదా తెలిసేది అనుకుంది కళ్యాణి. ఇన్నేళ్లుగా ఆయన ప్రతి మాటకీ ఇలాగే సర్దిచెప్పుకుంటూ వచ్చింది.

"నాకు నిజంగనే బీపీ ఉన్నదయ్యా. మొదటి సందే ఉన్నది."

"ఎర్కే గదా," అన్నాడు అన్నం కలుపుతూ. "లేకుంటే గోలీలెట్ల ఇస్తరు?"

కళ్యాణికి కళ్లనీళ్లు కారిపోయాయి. ఆయన తలెత్తలేదు. ఆమె గోలీ మొత్తం నోట్లో వేసుకుని, ఆయన ముందున్న చెంబెత్తి గటగటా తాగేసింది. అప్పుడు చూశాడు.

"మరి నాకు?"

"పోయి నీ పేరు నువ్వే రాయించుకో," అంది కళ్యాణి. "ఇది నాకే సాల్తలేదు."