వంటింటి చప్పుడు

దామోదర్‌కి ఈ లోకంలో రెండంటే ప్రాణం. ఒకటి హవాయి పెద్ద దీవి మీదున్న మౌనా లోవా అనే అగ్నిపర్వతపు కొండ, రెండోది భార్య వసుమతి. కొండ ఎక్కడికీ వెళ్లదు గనక దాన్ని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని కూర్చునేవాడు. వసుమతి మాత్రం వెళ్లిపోయింది. 1981 జూన్‌లో, రెండు పెట్టెలతో, ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్‌కి. కాకినాడలో డాక్టరీ చదివిన మనిషి ఆ కొండవాలు మీద ఆరేళ్లు ఇడ్లీలు వండుతూ గడిపాక, ఆ ఊరి ఆస్పత్రిలో రెసిడెన్సీ శిక్షణకి సీటు దొరికింది. “ఒక్క ఏడాదిలో నేనూ వచ్చేస్తా” అన్నాడు దామోదర్. అన్న పెద్దమనిషి రెండేళ్ల అయిదు నెలలైనా కదల్లేదు.

కారణాలకేం కొదవ? మొదటి ఏడాది చిన్న చిన్న భూకంపాలు గుంపుగా వచ్చాయి, అవేమిటో తేలాక బయల్దేరతానన్నాడు. రెండో ఏడాది కొత్త యంత్రాలొచ్చాయి. 1983 జనవరిలో పక్కనున్న కిలావెయా కొండ పగిలి లావా చిమ్మడం మొదలెట్టింది, ఇంక చెప్పేదేముంది? “కళ్లముందు కొత్త నేల పుడుతుంటే వదిలేసి ఎవడొస్తాడు వసూ?” అన్నాడు ఫోన్‌లో. “నిజమేనండి, కట్టుకున్నదాన్ని వదిలేయడమే తేలిక” అంది వసుమతి.

ఇప్పుడు మాత్రం గడువు వచ్చి నెత్తిన కూర్చుంది. నేపర్‌విల్ దగ్గర ఓ కాలేజీలో జియాలజీ పాఠాలు చెప్పే ఉద్యోగం. వసుమతి స్నేహితురాలి భర్త రామమోహన్ అక్కడే పనిచేస్తాడు, అతనే మాట్లాడిపెట్టాడు. నవంబర్ పద్దెనిమిది, శుక్రవారం లోపల ఔనో కాదో చెప్పాలి. “ఈసారి మీరు కాదంటే నేనింక అడగనండి” అంది వసుమతి. అరిచి చెప్పినా బాగుండేది. కూర ఏం వండానో చెప్పినంత మామూలుగా చెప్పింది, దామోదర్‌కి అందుకే భయం వేసింది.

అతనుండే ఇల్లు, అతను పనిచేసే అగ్నిపర్వతాల అబ్జర్వేటరీ వాళ్లది. నాలుగు వేల అడుగుల ఎత్తున, నల్లటి పాత లావా మీద కట్టిన రేకు కప్పు ఇల్లు. వెనక వంటిల్లు, వంటింటికి ఇరవై అడుగుల దూరంలో ఒక గొయ్యి, ఆ గోతిలో భూకంపాల్ని పట్టే యంత్రం. దాని తీగ ముందుగదిలోకి వస్తుంది. అక్కడ డ్రమ్ముకి చుట్టిన కాగితం మీద ముల్లు పగలూ రాత్రీ గీత గీస్తూ ఉంటుంది. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి కాగితం మార్చాలి, దిగిన కాగితాన్ని భూతద్దంతో చదవాలి, నిజమైన భూకంపాల్ని నీలం పెన్సిల్‌తో గుర్తుపెట్టాలి, ఉత్త చప్పుళ్లని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేయాలి. యంత్రాన్ని వంటింటి పక్కన పాతిన మహానుభావుడెవరో గాని, అతనికి పెళ్లి కాలేదని మాత్రం తెలుస్తూనే ఉంది.

వసుమతికి రోలు లేనిదే పొద్దుపోదు. ఊళ్లో సమాధిరాళ్లు చెక్కే ఒక ముసలాయనని పట్టుకుని ఆ కొండరాతితోనే రోలు తొలిపించుకుంది. లావా చల్లారాక మొట్టమొదట మొలిచే ఓహియా చెట్టుందే, దాని కర్ర ఇనుములా గట్టిది, దానితో రోకలి చేయించి, చివర ఇనప పొన్ను వేయించింది. 1978లో ఒకరోజు తెల్లవారుతూనే కూర్చుని కారప్పొడి దంచింది. ఆ యంత్రం గీతలు కింద అబ్జర్వేటరీకీ చేరతాయి. అక్కడ తెరమీద అవి చూసి నకమురా అనే కుర్రశాస్త్రవేత్త గుండె గుభేలుమంది. కొండ లేస్తోందనుకుని, జీపేసుకుని పరిగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే వసుమతి, ఆమె ఒళ్లో చేట, ఇల్లంతా ఎండుమిరపకాయల ఘాటు. నకమురా తుమ్మి తుమ్మి, నవ్వి నవ్వి, ఎనిమిది ఇడ్లీలు తిని వెళ్లాడు. వెళ్తూ ఒక ఉపాయం చెప్పాడు: “దంచేటప్పుడు మూడు దెబ్బలు వేసి కాస్త ఆగండి. భూమికి అలా లెక్కపెట్టడం రాదు, మీరేనని మాకు తెలుస్తుంది.”

అప్పట్నుంచీ వసుమతి మూడు దెబ్బలు వేసి ఆగేది, మళ్లీ మూడు వేసి ఆగేది. దామోదర్ మర్నాడు కాగితం మీద అవి చూసి, ఎర్ర పెన్సిల్‌తో “కిచెన్. ఇగ్నోర్” అని రాసేవాడు. ఉద్యోగధర్మం.

ఆమె వెళ్లేముందు ఆరు సీసాల కారప్పొడి దంచి పెట్టింది. అయిదు అయిపోయాయి. ఆరోదాన్ని దామోదర్ తినలేదు. రంగు వెలిసి, వాసన చచ్చి, ఎందుకూ కొరగాకుండా పోయినా, ప్రతి ఆదివారం వసుమతితో మాట్లాడి ఫోన్ పెట్టేశాక మూత తీసి ఒకసారి వాసన చూసి మళ్లీ బిగించేవాడు. నలభై ఒక్క ఏళ్లవాడు, డాక్టరేటు ఉన్నవాడు చేసే పనేనా? కాదు. చేసేవాడు.

గడువున్న ఆ వారంలోనే, బుధవారం పొద్దున్న ఆరూ పదమూడుకి కొండ కదిలింది. నిజంగానే కదిలింది. దామోదర్ మంచం మీంచి కిందపడ్డాడు. గోడలు కిరకిరలాడాయి, రేకు కప్పు ఎగిరెగిరి పడింది, పుస్తకాల బీరువా బోర్లాపడింది. ముందుగదిలో ముల్లు కాగితం ఈ చివరినించి ఆ చివరికి కొట్టుకుని, వంగి, ఆగిపోయింది. కుదుపు తగ్గాక అతను ముల్లు దగ్గరికి వెళ్లలేదు. వంటింట్లోకి పరిగెత్తాడు. ఆరో సీసా నేల మీద ముక్కలై ఉంది, గాజుపెంకుల మధ్య వెలిసిపోయిన కారప్పొడి. రోలు మాత్రం ఉన్నచోటే ఉంది. దామోదర్ చీపురు తీసుకుని, ఊడవకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

పగలంతా ఫోన్ లైన్లు కలవలేదు. సాయంత్రానికి వసుమతే పట్టుకుంది.

“దెబ్బలేం తగల్లేదు కదండీ?”

“లేదు. ఆరు పాయింట్ ఏడు, తెలుసా? ఇంతటిది ఎనిమిదేళ్లలో రాలేదు.”

“న్యూస్‌లో చెప్పారు. రోలు బానే ఉందా?”

“రోలుకేం? పొడి సీసానే పగిలింది.”

“ఆ పొడి ఇంకా ఉందా!” అని, “ఎల్లుండి శుక్రవారం అండి” అంది.

“వసూ, ఆఫ్టర్‌షాక్స్ వస్తూనే ఉన్నాయి. ఇలాంటప్పుడు…”

“ఈ దీవి ఏటా నాలుగు వేళ్ల మేర జపాన్ వైపు జరిగిపోతోందని పెళ్లయిన కొత్తలో మీరే చెప్పారు, గుర్తుందా? నేనిక్కడికొచ్చాక పది వేళ్లు జరిగుంటుంది. మీరు దాని మీదెక్కి కూర్చున్నారు. ఉంటానండి, రౌండ్స్ ఉన్నాయి.”

ఫోన్ పెట్టేసింది. అతనికి ఆమె మీద బెంగ ముంచుకొచ్చింది. ఆ బెంగ కొత్తది కాదు, కానీ ఇన్నాళ్లూ దాన్ని పనికింద తొక్కిపెట్టి ఉంచాడు.

గురువారం పొద్దున్న అబ్జర్వేటరీలో అందరికీ తలో పని పంచారు. పెద్ద కుదుపుకి ముందు ఆ వాలులో చిన్నవి ఎన్ని వచ్చాయో తేల్చాలి, అందుకు దామోదర్ తన ఇంటి యంత్రం తాలూకు అయిదేళ్ల కాగితాలూ మళ్లీ చదవాలి. అక్కడే అటకమీది పెట్టెలు దింపుకుని, ఒక బల్ల దగ్గర భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు.

నీలం గుర్తులు వెతుకుదామని కూర్చున్నవాడికి ఎర్ర గుర్తులే కనిపించాయి. 1979 ఫిబ్రవరి: మూడు దెబ్బలు, ఆగడం, మూడు దెబ్బలు. “కిచెన్. ఇగ్నోర్.” మార్చి, అదే. దసరా రోజుల్లో దాదాపు రోజూ. 1980 జులైలో వరసగా తొమ్మిది రోజులు ఏమీ లేవు, అప్పుడామెకి జ్వరం. పదో రోజున మళ్లీ మూడు దెబ్బలు, నీరసంగా, పొట్టిగా. ఆమె కాపురమంతా ఆ కాగితాల మీద ఉంది, ప్రతి పేజీలోనూ తన చేతిరాత దాన్ని పట్టించుకోవద్దంటోంది.

చివరికి 1981 జూన్, ఆమె బయల్దేరిన రోజు కాగితం చేతికొచ్చింది. ఆ పొద్దున్న అతనికి బాగా గుర్తే. పెట్టెలు కారులో పెడుతుంటే వంటింట్లోంచి దంచుతున్న చప్పుడు వినిపించింది. “ఫ్లైట్ మిస్సవుతాం వసూ, ఇప్పుడేం దంచుతావు?” అని కేకేశాడు. మరో నిమిషానికి ఆమె చేతులు కడుక్కుని వచ్చి కారెక్కింది. కాగితం మీద చూస్తే ఆ దంచడం నలభై నిమిషాలుంది. మూడు దెబ్బలు, ఆగడం, మూడు దెబ్బలు. కింద ఎర్రగా, మామూలే.

పక్కకి పెట్టబోయి ఆగాడు. భూతద్దం దగ్గరికి తెచ్చుకున్నాడు. అంతకు ముందురోజు కాగితం తీసి పక్కన పరిచాడు. ముందురోజు గీతలు గుండ్రంగా, మొద్దుగా ఉన్నాయి, రోట్లో మిరపకాయలూ ధనియాలూ నిండుగా ఉన్నప్పుడు దెబ్బ మెత్తగా పడుతుంది కనక. ఆఖరి రోజువి అలా లేవు. సూదుల్లా, నిటారుగా, మిగతావాటికి రెండింతల ఎత్తున ఉన్నాయి. ఇనప పొన్ను తిన్నగా రాతికి తగిలితే గాని ముల్లు అలా లేవదు. గీత చూసి నూరు మైళ్ల అవతల ఏ రాయి విరిగిందో చెప్పగలిగిన దామోదర్‌కి ఇది చదవడం ఏపాటి పని? ఆ రోజు రోట్లో ఏమీ లేదు. నలభై నిమిషాలూ వసుమతి ఖాళీ రోలు దంచింది.

ఎదుటి బల్ల దగ్గర నకమురా “ఏమైనా దొరికిందా దామో?” అన్నాడు. దామోదర్ తల ఊపి, లేచి, ఫోన్ ఉన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఒక ఫోన్ చేశాడు, రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత రెండోది చేశాడు. ఆస్పత్రి ఆపరేటర్ డాక్టర్ వసుమతిని పిలిపించేదాకా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏవండీ? మళ్లీ వచ్చిందా?” ఆమె గొంతులో కంగారు.

“లేదు వసూ. ఒకటి అడగాలి. నువ్వు బయల్దేరిన రోజు రోట్లో ఏమీ లేదు కదూ?”

అవతల ఎవరో నడిచెళ్తున్న చప్పుడు, మైకులో ఎవరినో పిలుస్తున్న చప్పుడు వినిపించాయి.

“వసూ…”

“పొడి ముందురోజే దంచేశాను” అంది చివరికి. “ఆ పొద్దున్న మీరు డ్రమ్ము దగ్గరికి వెళ్తారు, గీతలు చూస్తారు, ఇదేంటి ఖాళీ రోలు దంచుతున్నావని అడగడానికి వంటింట్లోకొస్తారు అనుకున్నాను. వస్తే వెళ్లనని చెప్దామనుకున్నా. నోటితో చెప్పలేకపోయానండి, ఏళ్లతరబడి అడిగి అడిగి తెచ్చుకున్న సీటు కదా. మీరు ఫ్లైట్ టైమైందన్నారు.”

దామోదర్ కళ్లు తుడుచుకున్నాడు.

“ఇక్కడికొచ్చాక కూడా చూశాను” అంది. “ఆ కాగితం మర్నాడు చదువుతారు కదా, చదివాక ఫోన్ చేస్తారని. నెలరోజులు చూశాను. మీ ముల్లు వెంటనే రాసుకుంది. మీకు రెండున్నరేళ్లు పట్టింది.”

“కిచెన్, ఇగ్నోర్ అని రాశాను వసూ.”

“తెలుసు.”

కిటికీ బయట మౌనా లోవా మంచులో సగం కనపడుతోంది. తన బరువుకి తనే కడలి అడుగులోకి కుంగిపోతూ, ఆ సంగతి పట్టనట్టు అంతెత్తున కూర్చున్న కొండ. దామోదర్ దానికేసి చూశాడు. దాన్ని వదిలిపెట్టి బతకడం ఎలాగో అతనికి తెలియదు, ఆ బాధ నిజమే.

“రేపు శుక్రవారం” అంది వసుమతి. ఈసారి ఆ గొంతు మామూలుగా లేదు. “కాలేజీకి ఏం చెప్తారండి?”

“చెప్పేశాను. నీకంటే ముందు వాళ్లకే ఫోన్ చేశాను. జనవరి నించి రమ్మన్నారు.”

అవతల ఊపిరి ఆగి, మళ్లీ వచ్చింది. వసుమతి ఏడుస్తోందో నవ్వుతోందో ఈ పరికరంలో తెలియలేదు, ఆ గీతలు చదవడం అతనికి రాదు.

“రోలు తెస్తారా?” అంది.

“తెస్తాను.”

“బరువండి. ఎక్స్‌ట్రా బ్యాగేజ్ అంటారు.”

“అననీ” అన్నాడు దామోదర్.